బెల్జియన్ హోమ్‌బ్రూ: దాచాలా, తాగేయాలా? విశాఖ మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

సింగపూర్‌లో ఉండే తమ్ముడో, అమెరికాలో ఉండే అల్లుడో సొంతంగా బ్రూ చేసిన బెల్జియన్ తరహా బీరు సీసాలు నాలుగు సూట్‌కేసులో పెట్టుకుని వస్తాడు. "ఏడాది మాగితే ఇంకా బాగుంటుంది" అని ఒక మాట అనేసి వెళ్లిపోతాడు. ఇక్కడున్నవాళ్లకు అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్లు పెట్టాలి, ఈ ఎండలకు ఏమైపోతుంది? ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి. బయటి దేశాల్లో బ్రూ చేసి ఊరికి తెచ్చేవాళ్ల కోసం కూడా కొన్ని ఉన్నాయి.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి. దాచాలా, తాగాలా?

తాగేయండి. ఆల్కహాల్ 8 శాతం దాటి ఉండాలి, రంగు ముదురుగా ఉండాలి, పెట్టడానికి చల్లటి చోటు ఉండాలి. ఈ మూడూ కుదిరితేనే దాచే సంగతి ఆలోచించండి. ఒక్కటి తగ్గినా తాజాగా తాగడమే లాభం.

"బెల్జియన్ బీరు" అని అందరం ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ గందరగోళమంతా. అందులో ఒకదానికొకటి పోలిక లేని రకాలున్నాయి. తాటికల్లు దించిన పూటే తాగాలి, ఆవకాయ ఊరాకే తినాలి. గోధుమతో చేసే విట్‌బియర్‌ది కల్లు జాతి, ముదురు రంగు బలమైన క్వాడ్‌ది ఆవకాయ జాతి. మీ చేతిలో ఉన్నది ఏ జాతిదో తెలిస్తే సగం ప్రశ్నలు తీరిపోయినట్టే.

ఇదంతా ఎందుకు, విశాఖలో మన ఇంట్లోనే బ్రూ చేసుకోకూడదా?

కూడదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం నేరం. "నా ఒక్కడి కోసమే కదా, అమ్మడం లేదు కదా" అంటే కుదరదు. అందుకే ఇక్కడ నేను మాట్లాడేది చట్టం ఒప్పుకునే చోట తయారైన బీరు గురించే. సింగపూర్‌లో సొంత వాడకానికి ఒక ఇంటికి నెలకు 30 లీటర్ల వరకు లైసెన్స్ లేకుండా చేసుకోవచ్చు. అమెరికాలో 1978 నాటి ఫెడరల్ చట్టం ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోనిచ్చింది. 200 గ్యాలన్లంటే 750 లీటర్ల పైమాటే. అంత బీరు ఏం చేసుకుంటారో నాకైతే అర్థం కాదు.

ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు? విమానంలో పగిలిపోవా?

సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు. 330 మి.లీ. సీసాలైతే ఆరు సరిగ్గా సరిపోతాయి. 750 మి.లీ. పెద్ద సీసాలైతే రెండే.

గాల్లో పీడనం తగ్గి పేలిపోతాయన్న భయం అక్కర్లేదు. సామాన్ల అరలో కూడా పీడనం ఉంటుంది. సీసాలు పగిలేది బెల్టు మీద సూట్‌కేసు పడేసేటప్పుడు. ఒక్కో సీసాను ముందు జిప్ కవర్లో పెట్టి, తర్వాత జీన్స్ కాలులో చుట్టి, సూట్‌కేసు మధ్యలో సర్దండి. ఇంటికి రాగానే బయటకు తీసి నిలబెట్టి, రెండు రోజులు కదపకుండా వదిలేయండి. అడుగున ఉన్న ఈస్ట్ మడ్డి అంతా ప్రయాణంలో లేచిపోయి ఉంటుంది. అది కిందికి దిగేదాకా ఆ బీరు అసలు రుచి తెలియదు.

ఏ రకాన్ని ఎన్నాళ్లు ఉంచొచ్చు?

అసలు ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

విట్‌బియర్‌తో మొదలుపెడదాం. గోధుమ, ధనియాలు, ఎండు నారింజ తొక్క, 5 శాతం ఆల్కహాల్. బెల్జియంలో ఈ రకం అంతరించిపోయిన దశలో హూగార్డెన్ ఊళ్లో పాలు పోసుకునే పియెర్ సెలిస్ 1966లో మళ్లీ మొదలుపెట్టాడు. ఇందులో ముందుగా పోయేది ధనియాల ఘుమఘుమే, దాని వెనకే నారింజ. ఆ రెండూ పోయాక మిగిలేది పలచటి గోధుమ నీళ్లు. సీసాలో పట్టిన రెండు నెలల్లోపు తాగేయండి. తమ్ముడు పండక్కి తెస్తే సంక్రాంతికే అయిపోవాలి, ఉగాది దాకా ఉంచొద్దు.

బ్లాండ్ రకానికి మూడు నెలలు. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

సేజాన్ పొడిగా, మిరియాల ఘాటుతో, గ్యాస్ ఎక్కువగా ఉంటుంది. ఈ రకానికి అందరూ ఉదాహరణగా చెప్పే సేజాన్ డ్యూపాన్ 6.5 శాతం. దీనికి నాలుగైదు నెలలు. అయితే సేజాన్ ఈస్ట్‌తో ఇంకో చిక్కుంది, అది పేలుళ్ల ప్రశ్నలో చెబుతాను.

ట్రిపెల్ దగ్గరే వాదన అంతా. బెల్జియంలో బీరు చేసే వెస్ట్‌మాల్ మఠం 1934లో ట్రిపెల్ అన్న పేరుతో బీరు తెచ్చింది. ఇప్పటికీ అది 9.5 శాతం. అంత బలముంది కాబట్టి ఏడాది మాగాల్సిందే అనేవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. ట్రిపెల్‌కు ప్రాణం దాని గ్యాస్‌లో, హాప్స్ అనే పూల చేదులో, పియర్ పండూ మిరియాలూ కలిసినట్టుండే వాసనలో ఉంది. నెలలు గడిచేకొద్దీ ఈ మూడూ తగ్గుతాయి. వాటి బదులు తేనె వాసన వస్తుంది, మొదట్లో అది బాగానే ఉంటుంది. ఆ తర్వాత వచ్చేది తడిసిన అట్టపెట్టె వాసన. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) లేత రంగుది కాబట్టి ఆ వాసన దాక్కోవడానికి అందులో చోటుండదు. సీసాలో పట్టిన నెల నుంచి నాలుగు నెలల లోపు ట్రిపెల్‌కు మంచి కాలం. డ్యూవెల్ తరహా బంగారు రంగు బీరు 8.5 శాతం ఉన్నా దానికీ ఇదే లెక్క.

డబుల్ 7 శాతం దగ్గర ఉంటుంది. రంగు గోధుమ ఎరుపు, కిస్‌మిస్, కొంచెం పాకం. ఫ్రిజ్‌లో ఆరు నుంచి ఎనిమిది నెలలు హాయిగా ఉంటుంది. బయట పెడితే మాత్రం విట్‌బియర్‌తో పాటే తాగేయండి.

ఇక దాచదగ్గది క్వాడ్, అంటే ముదురు రంగు బలమైన రకం. రోష్‌ఫోర్ 10 అనే బీరు 11.3 శాతం, వెస్ట్‌వ్లెటెరెన్ 12 అనేది 10.2 శాతం. ఈ కోవలో చేసిన హోమ్‌బ్రూ కొత్తలో కాస్త మొరటుగా ఉంటుంది. తీపి ఒక పక్క, ఆల్కహాల్ మంట ఒక పక్క, కాల్చిన చక్కెర చేదు ఇంకో పక్క, దేనికదే విడిగా నాలుకకు తగులుతుంది. ఆరు నెలలకు ఇవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఖర్జూరం, అంజీర్ పైకి తేలతాయి. చల్లగా ఉంచితే రెండేళ్లు, మూడేళ్లు కూడా బాగుంటుంది. షిమే మఠం 9 శాతం ఉండే తమ నీలం లేబుల్ బీరు మీద సంవత్సరం ముద్రించడం ఉత్తినే కాదు.

ఓర్వల్ అనే మఠం బీరు తరహాలో బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్ కలిపినవి ఈ లెక్కల్లో ఇమడవు. ఓర్వల్ 6.2 శాతమే, పైగా హాప్స్ బాగా పట్టించినది. అయినా దాన్ని బెల్జియంలో కొందరు కొత్తది అడుగుతారు, కొందరు ఆరు నెలలు దాటినదే అడుగుతారు. కొత్తగా ఉన్నప్పుడు హాప్స్, పాతబడితే తోలు, గడ్డివాము వాసన. ఏది మేలో తేల్చడం ఎవరి వల్లా కాలేదు. నాది కొత్త పక్షం.

గాలిలోని ఈస్ట్‌తో పులిసే పుల్లటి బీర్లు లాంబిక్, గూజ్‌ల సంగతి వేరు. గూజ్ అంటేనే ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు పీపాల్లో మాగిన లాంబిక్‌లను కలిపి సీసాలో పట్టినది. మాగడం ముందే అయిపోయింది. ఉంచినా ఏళ్ల తరబడి ఉంటుంది, ఇవాళ తాగినా నష్టం లేదు.

సీసాలో అసలు ఏం జరుగుతుంది?

కొన్ని పోతాయి, కొన్ని వస్తాయి. పోయేవాటిలో మొదటివి హాప్స్ వాసన, చేదు. అరటిపండు వాసననిచ్చే ఐసోఅమైల్ అసిటేట్, లవంగం వాసననిచ్చే 4-వినైల్ గ్వాయకాల్ కూడా నెమ్మదిగా తగ్గుతాయి. వచ్చేవి ఎక్కువగా ఆక్సిజన్ పనివల్ల. సీసాలో నింపేటప్పుడు లోపలికి పోయిన కాస్త గాలి చాలు. లేత బీరులో అది ట్రాన్స్-2-నోనెనాల్ లాంటి పదార్థాల వల్ల అట్ట వాసనగా బయటపడుతుంది. ముదురు బీరులో అదే ఆక్సిజన్ మాల్ట్‌తోనూ కాల్చిన చక్కెరతోనూ కలిసి కిస్‌మిస్, షెర్రీ వాసనలు తెస్తుంది. అందుకే రంగు గురించి అంత పట్టుబట్టాను.

సీసా అడుగున ఉన్న బతికున్న ఈస్ట్ మన పక్షమే. గ్యాస్ పట్టే రోజుల్లో అది లోపలి ఆక్సిజన్‌ను కొంత తినేస్తుంది. హోమ్‌బ్రూకు ఇదొక మేలు, వడపోసిన బీరుకు ఈ కాపలా ఉండదు. కానీ వేడిలో ఏడాది ఉంచితే ఆ ఈస్టే చచ్చి, కరిగి, సోయా సాస్ వాసన వదులుతుంది.

విశాఖ ఎండలకు ఎంత తేడా పడుతుంది?

చాలా. బ్రూవర్లలో 3-30-300 అని ఒక బండగుర్తు ఉంది. 32 డిగ్రీల దగ్గర మూడు రోజుల్లో బీరు ఎంత పాతబడుతుందో, 22 దగ్గర ముప్ఫై రోజుల్లో, 3 డిగ్రీల దగ్గర మూడు వందల రోజుల్లో అంతే పాతబడుతుందట. అక్షరాలా పట్టుకోవాల్సిన లెక్క కాదు, బలమైన ముదురు బీరు దీనికంటే ఓర్చుకుంటుంది. కానీ మన మే నెలలో రాత్రి కూడా 28 డిగ్రీలకు అటూ ఇటూనే ఉంటుంది. "ఏడాది మాగబెట్టు" అన్న సలహా బెల్జియంలోని రాతి నేలమాళిగలకు చెప్పినది. మద్దిలపాలెంలో పై అంతస్తు ఫ్లాటుకు కాదు.

సీతమ్మధారలో ఒక మిత్రుడి ఇంట్లో ఒకే విడతలో చేసిన డబుల్ సీసాలు రెండు ఒకే సాయంత్రం తెరిచాం. ఒకటి వేసవంతా ఫ్రిజ్ కింది అరలో ఉంది, ఇంకొకటి వంటింటి అటక మీద ఉంది. ఫ్రిజ్‌ది పోస్తే నురగ రెండు వేళ్ల మందాన నిలబడింది, గ్లాసు అంచున ఎరుపు కనబడింది, బ్రెడ్ పైపెచ్చు, కిస్‌మిస్, చివర్లో కొంచెం లవంగం. అటకది మూత తీయగానే బుస్సుమని అంతలోనే నురగ చచ్చిపోయింది. ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూస్తే సన్నటి పొరలు పొరలుగా ఏదో తేలుతోంది. వాసన చూస్తే తడి అట్ట, దాని కింద సోయా సాస్. నోట్లో పోసుకుంటే తీపి మిగిలింది గానీ చేదు ఎక్కడా లేదు. రెండింటికీ వయసు ఒకటే, రుచికి మాత్రం ఏ సంబంధమూ లేదు.

మరి ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

అటక మీద వద్దు. శ్లాబు వేడంతా ముందు దానికే తగులుతుంది. మంచం కింద, బీరువాలో చీకటి ఉంటుంది గానీ చల్లదనం ఉండదు. వారం పది రోజులకు ఫరవాలేదు. బాల్కనీ సంగతి అడగనే అడగొద్దు. ఎండ పడితే హాప్స్ పదార్థాలు విరిగి గంటల్లోనే వెగటు కంపు పుడుతుంది. ముదురు గోధుమ రంగు సీసా కొంత ఆపుతుంది, పచ్చ సీసా ఆపదు.

ఫ్రిజ్‌లో తలుపు అర కంటే కింద కూరగాయల డబ్బా మేలు. తలుపు తీసినప్పుడల్లా వేడి గాలి, కుదుపు తగిలేది తలుపు అరకే. మాగబెట్టడానికి 10 నుంచి 13 డిగ్రీలు బాగుంటుంది. మామూలు ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, అక్కడ మాగడం నెమ్మదిస్తుందే తప్ప చెడిపోయేదేమీ లేదు. క్వాడ్ మీద అంత ప్రేమ ఉంటే ఒక చిన్న వైన్ కూలర్ కొనుక్కోండి. లేదా మూలన పడేసిన పాత ఫ్రిజ్‌కు ఉష్ణోగ్రత కంట్రోలర్ తగిలించి 12 దగ్గర పెట్టండి.

సీసాలు నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే మడ్డి పక్కకు పేరుకుంటుంది, పోసేటప్పుడు అంతా కలిసిపోతుంది.

బీచ్ దగ్గర ఉండేవాళ్లకు ఇంకో మాట. లాసన్స్ బే వైపు, ఆర్‌కే బీచ్ ఎదుట ఇళ్లలో కిటికీ చువ్వలు ఎలా తుప్పు పడతాయో ఈ మూతలూ అలాగే పడతాయి. మూత అంచు కింద సన్నటి గోధుమ రంగు వలయం కనబడితే అది తుప్పే. పైపైన ఉంటే తుడిచి తాగొచ్చు. లోపలి రబ్బరు పొర దాకా పోతే గ్యాస్ వెళ్లిపోతుంది. మూతల మీద ప్లాస్టిక్ ర్యాప్ చుట్టి రబ్బరు బ్యాండ్ వేస్తే ఈ బాధ ఉండదు.

కరెంటు పోతే?

ఒకటి రెండు రోజులకు కంగారు పడొద్దు. ఫ్రిజ్ తలుపు తీయకుండా వదిలేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటిది మళ్లీ వస్తే బీరు గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు లెండి.

అరకులో బంధువుల ఇంట్లో పెడితే మాగదా? అక్కడ చలి కదా.

చలి డిసెంబరు, జనవరుల్లో. ఏప్రిల్ మధ్యాహ్నాలు అక్కడా వేడే. పైగా బంధువులు తాగేస్తారు.

కొత్త సీసా తెరిస్తే గొంతు మండింది. కొన్నాళ్లు ఉంచితే సర్దుకుంటుందా?

మంట దేనివల్లో చూడాలి. 9, 10 శాతం బీరులో మామూలు ఆల్కహాల్ వెచ్చదనం ఉంటుంది, అది మూడు నాలుగు నెలల్లో మెత్తబడుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌ను తలపించే ఘాటు, తాగాక తలనొప్పి ఉంటే అది వేరే కథ. పులిసేటప్పుడు, ముఖ్యంగా మొదటి రెండు మూడు రోజుల్లో, వేడి అదుపు తప్పింది. అప్పుడు పుట్టే ఫ్యూసెల్ ఆల్కహాళ్లు ఏళ్లు గడిచినా పెద్దగా పోవు. సింగపూర్ ఫ్లాట్లలో ఏసీ లేకుండా పులియబెట్టిన బీరులో ఇది తరచుగా కనిపిస్తుంది. బెల్జియన్ ఈస్ట్‌కు వేడి ఇష్టమని విని మొదటి రోజు నుంచే 30 డిగ్రీల్లో వదిలేస్తారు. 18, 19 దగ్గర మొదలుపెట్టి, మూడో రోజు తర్వాత మెల్లగా 24 దాకా ఎక్కనిస్తే ఆ ఘాటు రాదు.

కొత్త బీరులో పచ్చి ఆపిల్ వాసన ఉంటే, కొంచెం గంధకం వాసన ఉంటే అవి రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి, ఈస్ట్ ఇంకా పనిలోనే ఉంది కాబట్టి. పుల్లగా, వెనిగర్ వాసనతో ఉంటే తగ్గదు, పెరుగుతుంది. వంటలో వాడేయండి, లేదా సింకులో పోయండి. చెడిన బీరు మాగితే బాగుపడుతుందనే ఆశ మీద అటకలు నిండిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

గ్యాస్ పట్టలేదు, తీస్తే చప్పగా ఉంది. ఏం చేయాలి?

దీనికి మాత్రం మన వేడి పనికొస్తుంది. తొందరపడి పట్టుకొచ్చేసి ఉంటారు. మిగతా సీసాలను గదిలోనే, చీకట్లో, రెండు వారాలు ఉంచి ఒకటి చల్లబరిచి చూడండి. బలమైన క్వాడ్ అయితే ఈస్ట్ అలిసిపోయి ఉంటుంది, నెల పట్టొచ్చు. గ్యాస్ పట్టాక వెంటనే ఫ్రిజ్‌లోకి మార్చేయండి. బెల్జియంలో మఠాల వాళ్లూ సీసాలను ముందు వెచ్చటి గదిలో కొన్ని వారాలు ఉంచి, ఆ తర్వాతే బయటకు పంపుతారు.

సీసాలు పేలతాయంటారు, నిజమేనా?

నిజమే, ఇది ఆటలాడే విషయం కాదు. రెండు కారణాలు. మొదటిది, పులియడం పూర్తికాకముందే సీసాలో పట్టేయడం. బీరులో మిగిలిన చక్కెరను తెలిపే హైడ్రోమీటర్ రీడింగ్ మూడు రోజుల పాటు మారకుండా ఉన్నాకే పట్టాలి. రెండోది ఈస్ట్. బెల్ సేజాన్, బీఈ-134 లాంటి సేజాన్ ఈస్ట్‌లు డయాస్టాటికస్ జాతివి. మిగతా ఈస్ట్ వదిలేసే పెద్ద చక్కెరలను కూడా ఇవి విడగొట్టి తింటూనే ఉంటాయి. నెమ్మదిగా, నెలల తరబడి. మన వేడిలో ఇంకాస్త చురుగ్గా. అందుకే ఈ ఈస్ట్‌తో చేసిన సీసాలు విశాఖలో గది వాతావరణంలో ఉంచొద్దు, వచ్చిన రోజే ఫ్రిజ్‌లో పెట్టండి.

సీసాలో పట్టేవాళ్ల కోసం చక్కెర లెక్క: లీటరుకు సుమారు 4 గ్రాముల పంచదార ఒక వాల్యూమ్ గ్యాస్ (అంటే బీరు ఎంత ఉంటే అంత గ్యాస్) ఇస్తుంది. 28 డిగ్రీల్లో పులిసిన బీరులో అప్పటికే 0.7 వాల్యూమ్ దాకా ఉంటుంది. ట్రిపెల్‌కు 3 వాల్యూమ్‌లు కావాలంటే లీటరుకు 9 గ్రాములు, 20 లీటర్లకు 180 గ్రాములు. దీనికి మందపాటి సీసాలే వాడండి. మామూలు లాగర్ సీసాలు అంత ఒత్తిడికి చేసినవి కావు. షాంపేన్ సీసా దొరికితే మరీ మంచిది, కాకపోతే యూరప్ షాంపేన్ సీసాలకు 26 కాక 29 మి.మీ. మూత పడుతుందని గుర్తుంచుకోండి.

మూత ఉబ్బినట్టున్నా, ఒకటి తెరిస్తే ఫౌంటెన్‌లా లేచినా, మిగతావాటిని మందపాటి తువ్వాలు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, బాగా చల్లబడ్డాక ఒక్కొక్కటే తెరిచి గ్యాస్ వదలండి. ముఖం దూరంగా పెట్టుకోండి.

మాగబెట్టాలనే ఉద్దేశంతో బ్రూ చేస్తున్నాను. అక్కడ ఏం జాగ్రత్త పడాలి?

గాలి. మిగతావన్నీ దాని తర్వాతే. పులిసిన బీరును ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పదే పదే వంచొద్దు. ట్యూబు సీసా అడుగు దాకా పెట్టి నింపండి, మూతికి ఒక అంగుళం కంటే ఎక్కువ ఖాళీ వదలొద్దు, మూత బిగించే ముందు నురగ పైదాకా రానివ్వండి. ఆక్సిజన్ పీల్చే మూతలు దొరుకుతాయి, నాలుగు డబ్బులు ఎక్కువైనా అవే కొనండి. 10 శాతం దాటిన బీరుకు సీసాలో పట్టేటప్పుడు చిటికెడు కొత్త ఈస్ట్ కలిపితే గ్యాస్ నమ్మకంగా పడుతుంది.

సీసా మీద తేదీ రాయండి. "డబుల్, మార్చి" అని రాస్తే ఏ మార్చో రెండేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు. మూత మీదే పర్మనెంట్ మార్కర్‌తో నెల, సంవత్సరం, శాతం.

అనకాపల్లి బెల్లం వేస్తే మాగడంలో తేడా ఉంటుందా?

సింగపూర్‌కు ఇక్కడి నుంచే బెల్లం పట్టుకెళ్లే వాళ్లున్నారు, మంచి ఆలోచనే. బెల్జియన్ వంటకాల్లో రాసే తెల్ల క్యాండీ షుగర్ ముక్కలు దాదాపు మన పటిక బెల్లమే. దానికి రుచి ఉండదు, బీరు చిక్కదనం తగ్గి ఆల్కహాల్ పెరుగుతుంది అంతే. ట్రిపెల్‌కు మామూలు పంచదార చాలు. బెల్లం మాత్రం ఖనిజాలు, మడ్డి రుచి వెంట తెస్తుంది. ట్రిపెల్‌లో వేస్తే ఆ రుచి అడ్డంగా నిలబడుతుంది. డబుల్, క్వాడ్‌లో వేస్తే కొత్తలో కొంచెం ఉప్పగా, పచ్చిగా అనిపించినా ఆరు నెలలకు ఖర్జూరంలో కలిసిపోతుంది. మొత్తం మాల్ట్, చక్కెరల బరువులో పదో వంతు దాటనివ్వకండి. నల్ల బెల్లం ఇంకా తక్కువ.

మాగిన కొద్దీ ఆల్కహాల్ పెరుగుతుందా? పాతదైతే విషమవుతుందా?

రెండూ కాదు. పులియడం ఆగిపోయాక శాతం మారదు. పాత బీరు రుచి చెడుతుందే గానీ మనిషికి హాని చేసే సూక్ష్మజీవులు అందులో పెరగలేవు. ఒక లెక్క మాత్రం చూసుకోండి: 10 శాతం క్వాడ్ ఒక్క 330 మి.లీ. చిన్న సీసాలో ఉన్న ఆల్కహాల్, 5 శాతం బీరు 650 మి.లీ. పెద్ద సీసా మొత్తంలో ఉన్నదానికి సమానం. చిన్న సీసాయే కదా అని రెండు తాగి బీచ్ రోడ్డు మీద బండి తీయొద్దు. రక్తంలో 100 మి.లీ.కు 30 మి.గ్రా. దాటితే కేసే.

ఆరు సీసాల క్వాడ్ ఉంది. ఎప్పుడెప్పుడు తెరవాలి?

మొదటిది వచ్చిన వారంలోనే. కొత్తలో ఎలా ఉందో తెలియకపోతే మాగిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండోది ఆరు నెలలకు. అప్పటికే అద్భుతంగా ఉంటే మిగతా నాలుగూ ఆ ఏడాదిలో తాగేయండి. ఇంకా గరుకుగా ఉంటే ఏడాదికి ఒకటి, పద్దెనిమిది నెలలకు ఒకటి. బాగున్న బీరును ఇంకా బాగవుతుందేమో అని దాచి దాచి పోగొట్టుకున్న వాళ్లే ఎక్కువ.

ఎంత చల్లగా తాగాలి, దేంతో తినాలి?

విట్‌బియర్ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, మడ్డి కలిపి. ట్రిపెల్ 8 నుంచి 10 డిగ్రీలు, మడ్డి సీసాలోనే వదిలేసి. క్వాడ్ 12 నుంచి 14, అంటే ఫ్రిజ్‌లోంచి తీసి మన వాతావరణంలో కాసేపు బయట పెట్టాక. గ్లాసు ఫ్రీజర్‌లో పెట్టొద్దు, వాసన చచ్చిపోతుంది.

వంజరం వేపుడుకు ట్రిపెల్, సేజాన్ రెండూ బాగుంటాయి, గ్యాస్ నూనెను కడిగేస్తుంది. బొంగులో చికెన్‌తో డబుల్. మాగిన క్వాడ్‌తో మాడుగుల హల్వా ఒక చిన్న ముక్క తిని చూడండి, నెయ్యి, జీడిపప్పు, ఖర్జూరం రుచి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. కారం దట్టించిన రొయ్యల ఇగురుతో మాత్రం 10 శాతం బీరు వద్దు. ఆల్కహాల్ కారాన్ని రెట్టింపు చేస్తుంది.

750 మి.లీ. సీసా తెరిచాం, సగం మిగిలింది. మూత పెట్టి రేపటికి ఉంచొచ్చా?

లోపలికి గాలి పోయింది, గ్యాస్ బయటకు వచ్చేసింది, రేపటికి అది వేరే బీరు. వైన్ సీసాలకు వాడే బిగుతు స్టాపర్ ఉంటే క్వాడ్ ఒక రాత్రి ఆగుతుంది, విట్‌బియర్, ట్రిపెల్ ఆగవు. పెద్ద సీసా తెరిచే ముందే పక్కింటాయనకు ఫోన్ చేయండి.